స్టేడియాలకు కొదువ లేని జంషెడ్‌పూర్‌లో విశ్వవిద్యాలయానికి సొంత క్రీడా ప్రాంగణం ఎందుకు?

జంషెడ్‌పూర్ నగరంలో సాక్చీని ఆనుకుని ఉన్న పాత నివాస ప్రాంతం కాసిడీహ్. ‘డీహ్’ అంటే జనం కాపురమున్న పాత ఊరి చోటు. తెలుగునాట పాటిదిబ్బ అన్నట్టన్న మాట. ఉక్కు కర్మాగారం రాకముందు ఇక్కడున్న పల్లెల గుర్తులుగా కాసిడీహ్, బారీడీహ్ వంటి పేర్లు నగరంలో ఇంకా నిలిచి ఉన్నాయి. కాసిడీహ్ నుంచి కీనన్ స్టేడియం దూరం కాదు. జేఆర్‌డీ టాటా క్రీడా సముదాయమూ దూరం కాదు. ఒకదానిలో అంతర్జాతీయ క్రికెట్ మ్యాచ్‌లు జరిగాయి. మరొకటి ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడే జంషెడ్‌పూర్ ఫుట్‌బాల్ క్లబ్‌కు సొంత మైదానం.

ఈ రెండింటిలో ఏదీ విశ్వవిద్యాలయానికి చెందినది కాదు. దేశంలో క్రీడా నగరంగా పేరు పొందిన ఈ ఊరిలో డిగ్రీ చదివే విద్యార్థికి, తన విద్యార్థి గుర్తింపు కార్డు చూపి హక్కుగా లోపలికి వెళ్లగల పెద్ద స్టేడియం ఏదన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది. నగరంలో స్టేడియం ఉండటం వేరు, విశ్వవిద్యాలయ ఆవరణలో స్టేడియం ఉండటం వేరు. ఈ తేడా ఏమిటో, దాని వల్ల ఎవరికి ఏం దక్కుతుందో, ఏం దక్కకుండా పోతుందో చూద్దాం.

కంపెనీ నాటిన ఆట

జంషెడ్‌పూర్‌లో ఆటల చరిత్ర నగరం కంటే పాతది. ఉక్కు కర్మాగారానికి స్థలం ఖరారు కావడానికి అయిదేళ్ల ముందే, 1902లో, జమ్‌సెట్జీ టాటా తన కుమారుడు దొరాబ్జీకి ఒక లేఖ రాశారు. కట్టబోయే పట్టణంలో వెడల్పాటి వీధులు, నీడనిచ్చే చెట్లతో పాటు ఫుట్‌బాల్‌కు, హాకీకి, ఉద్యానవనాలకు విశాలమైన స్థలం విడిచిపెట్టాలని అందులో సూచించారు. కార్మికుల నివాసాలకంటూ వేసిన పట్టణ ప్రణాళికల్లో ఆట స్థలాన్ని ఇంత ముందుగా తలచుకున్నవి ఆ కాలంలో అరుదు.

దొరాబ్జీ ఆ మాటను ఊరికే వదల్లేదు. 1920లో ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌కు భారత క్రీడాకారులను పంపడానికి ఆర్థికంగా అండగా నిలిచారు. 1927లో ఏర్పడిన భారత ఒలింపిక్ సంఘానికి తొలి అధ్యక్షుడయ్యారు. 1939లో కీనన్ స్టేడియం వచ్చింది. కంపెనీ జనరల్ మేనేజరుగా పనిచేసిన అమెరికన్ జాన్ లారెన్స్ కీనన్ పేరు దానికి పెట్టారు. ఆ మైదానంలో 1983 నుంచి 2006 దాకా అంతర్జాతీయ వన్డే మ్యాచ్‌లు జరిగాయి. 1987లో టాటా ఫుట్‌బాల్ అకాడమీ, 1991లో జేఆర్‌డీ టాటా క్రీడా సముదాయం, 1996లో టాటా ఆర్చరీ అకాడమీ వచ్చాయి. విలువిద్యలో ప్రపంచ అగ్రస్థానానికి చేరిన దీపికా కుమారి ఈ ఆర్చరీ అకాడమీలోనే రాటుదేలారు.

ఇదంతా గొప్ప వారసత్వమే, సందేహం లేదు. అయితే అకాడమీ పని పద్ధతి వేరు. అది వందల మందిని పరీక్షించి కొద్దిమందిని ఎంచుకుంటుంది. వారికి వసతి, భోజనం, కోచ్, పరికరాలు అన్నీ ఇస్తుంది. ఎంపిక కాని పిల్లవాడికి అకాడమీ బాధ్యత వహించదు, వహించాలని ఎవరూ అడగరు కూడా. విశ్వవిద్యాలయం అలా కాదు. ప్రవేశం పొందిన ప్రతి విద్యార్థికీ అది జవాబుదారీ. పతకం తెచ్చే అమ్మాయికీ, సాయంత్రం గంటసేపు వాలీబాల్ ఆడి చెమట పట్టించుకోవాలనుకునే అబ్బాయికీ అక్కడ చోటు ఉండాలి.

జార్ఖండ్‌కే చెందిన ఒక పాత ఉదాహరణ ఇక్కడ గుర్తుకొస్తుంది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన భారత హాకీ జట్టుకు సారథి జైపాల్ సింగ్ ముండా. నేటి ఖూంటీ జిల్లాలోని ముండా గ్రామంలో పుట్టిన ఆయన ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ హాకీ జట్టులో ఆడి, అక్కడ ఉత్తమ క్రీడాకారులకిచ్చే ‘బ్లూ’ గౌరవం పొందారు. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసుల గొంతుగా నిలిచారు. ఆయన్ను జట్టు సారథ్యం వరకు తీసుకెళ్లిన మెట్లలో విశ్వవిద్యాలయ మైదానం ఒకటి.

విశ్వవిద్యాలయం ఒకచోట, విద్యార్థులు మరోచోట

జంషెడ్‌పూర్ కళాశాలల్లో చాలా వరకు కొల్హాన్ విశ్వవిద్యాలయ పరిధిలోకి వస్తాయి. రాంచీ విశ్వవిద్యాలయం నుంచి విడదీసి 2009లో దీనిని ఏర్పాటు చేశారు. తూర్పు సింగ్‌భూమ్, పశ్చిమ సింగ్‌భూమ్, సరాయికేలా-ఖర్సావాఁ జిల్లాలు దీని పరిధి. ప్రధాన కేంద్రం జంషెడ్‌పూర్‌కు సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని చైబాసాలో ఉంది. కోఆపరేటివ్ కాలేజీ, కరీం సిటీ కాలేజీ, వర్కర్స్ కాలేజీ, గ్రాడ్యుయేట్ స్కూల్ మహిళా కళాశాల వంటివి నగరంలో వేర్వేరు చోట్ల ఉన్నాయి. బిష్టుపూర్‌లోని మహిళా కళాశాల ఇటీవలి సంవత్సరాల్లో జంషెడ్‌పూర్ మహిళా విశ్వవిద్యాలయంగా మారింది. ఆదిత్యపూర్‌లోని జాతీయ సాంకేతిక సంస్థ, నగరంలోని ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ వంటివి హాస్టళ్లతో కూడిన సంస్థలు. వాటి ఆవరణల్లో వాటి మైదానాలు ఉన్నాయి.

అనుబంధ కళాశాలలతో నడిచే విశ్వవిద్యాలయంలో ఆటల పరిస్థితి దేశమంతటా దాదాపు ఒకే తీరు. విద్యార్థి ఒక కాలేజీలో చదువుతాడు, మరో కాలేజీలో జరిగే అంతర్ కళాశాల పోటీలో ఆడతాడు. ఎంపికైతే విశ్వవిద్యాలయం పేరు ఉన్న బనియను వేసుకుని వేరే రాష్ట్రానికి రైలెక్కుతాడు. మధ్యలో పది పదిహేను రోజుల శిక్షణ శిబిరం ఒకటి జరుగుతుంది. జట్టులోని పన్నెండు మంది ఒకే కోర్టు మీద కలిసి ఆడే అవకాశం చాలాసార్లు ఆ శిబిరంలోనే మొదటిసారి వస్తుంది. ఎదుటి జట్టు ఏడాది పొడవునా ఒకే హాస్టల్‌లో ఉండి, ఒకే కప్పు కింద సాధన చేసి వచ్చినదైతే ఫలితం ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఈ పోటీలను నిర్వహించేది భారత విశ్వవిద్యాలయాల సంఘం. 1925లో అంతర్ విశ్వవిద్యాలయ మండలిగా మొదలైన సంస్థ ఇది. జట్టు క్రీడల్లో ముందు ఉత్తర, దక్షిణ, తూర్పు, పశ్చిమ మండలాల వారీగా పోటీలు జరుగుతాయి. మండలాల్లో ముందు నిలిచినవి అఖిల భారత స్థాయికి వెళతాయి. 2020లో మొదలైన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలకు కూడా అంతర్ విశ్వవిద్యాలయ ఫలితాలే దారి చూపుతాయి. మెట్లు స్పష్టంగానే ఉన్నాయి. మొదటి మెట్టు మీద కాలు మోపేచోటే తేడా వస్తోంది.

‘అరీనా’ అంటే ఇసుక

ఇంగ్లీషు నుంచి వచ్చిన ‘అరీనా’ అనే మాటకు మూలం లాటిన్‌లో ఇసుక. రోమన్ల వినోదశాలల్లో పోరు జరిగే చోట ఇసుక పరిచేవారు కనుక ఆ పేరు నిలిచింది. మన గోదా కూడా మట్టితో తయారైనదే. తెలుగునాట తాలింఖానాల్లో మట్టిని తవ్వి, నూనె కలిపి మెత్తన చేసేవారు. ఛోటానాగ్‌పూర్ ఆదివాసీ గ్రామాల్లో ‘అఖ్‌డా’ అనే ఉమ్మడి చోటు ఉంటుంది. ఊరి నాట్యమూ, పంచాయితీ అక్కడే జరుగుతాయి. దానికి యజమాని ఎవరంటే ఊరంతా.

నేటి విశ్వవిద్యాలయ ఇండోర్ స్టేడియంలో ఇసుక స్థానంలో చెక్క నేల వచ్చింది. దాని నిర్మాణంలో ప్రేక్షకుల కుర్చీల కంటే ముందు లెక్కించవలసినవి మూడు: నేల కొలత, పైకప్పు ఎత్తు, నేల స్వభావం.

సాధారణంగా హ్యాండ్‌బాల్ కోర్టును ప్రమాణంగా తీసుకుంటారు. అది 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. దాని చుట్టూ ఖాళీ జాగా వదిలి హాలు కడితే, అదే నేల మీద 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు గల బాస్కెట్‌బాల్ కోర్టు పడుతుంది. 18కి 9 మీటర్ల వాలీబాల్ కోర్టు పడుతుంది. 13.4 మీటర్ల పొడవు, 6.1 మీటర్ల వెడల్పు గల బ్యాడ్మింటన్ కోర్టులు నాలుగు అడ్డంగా హాయిగా ఇముడుతాయి. మ్యాటు పరిస్తే 13కి 10 మీటర్ల పురుషుల కబడ్డీ కోర్టూ అవుతుంది. అందుకే ఇలాంటి హాలు నేల మీద రంగురంగుల గీతలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. కొత్తగా చూసేవారికి అది గజిబిజిగా అనిపించవచ్చు గానీ, ప్రతి రంగూ ఒక ఆటకు సరిహద్దు.

ఎత్తు విషయంలో పొరపాటు జరిగితే తర్వాత సరిదిద్దడం సాధ్యం కాదు. బాస్కెట్‌బాల్‌కు నేల నుంచి కనీసం 7 మీటర్ల ఖాళీ చాలు. అంతర్జాతీయ స్థాయి వాలీబాల్‌కు 12.5 మీటర్లు కావాలి. బ్యాడ్మింటన్‌లో ఎత్తుగా లేపిన షటిల్ దూలానికి తగిలితే ఆట ఆగిపోతుంది. డబ్బు మిగుల్చుకోవడానికి పైకప్పును రెండు మీటర్లు దించిన హాలు కాలేజీ స్థాయి పోటీలకు పనికి రావచ్చు. పెద్ద పోటీలకు మాత్రం శాశ్వతంగా దూరమవుతుంది.

స్తంభాలు లేని విశాలమైన హాలు ఉక్కు దూలాల వల్లే సాధ్యమైంది. ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 1927లో తెరిచిన ‘పలెస్ట్రా’ లోపల అడ్డు స్తంభాలు లేకుండా కట్టిన తొలితరం క్రీడా మందిరాల్లో ఒకటి. ప్రాచీన గ్రీసులో మల్లయుద్ధ శిక్షణశాలకున్న ఆ పేరును అక్కడి గ్రీకు ఆచార్యుడొకరు సూచించారు. ఉక్కు తయారు చేసే ఊరికి ఇది ఆసక్తి కలిగించే వివరమే.

ఇక చెక్క నేల. గట్టి చెక్క పలకల కింద మెత్తని ఆధారం వేసి, దూకినప్పుడు మోకాలికి దెబ్బ తగలకుండా కొద్దిగా ఊగేలా దానిని అమరుస్తారు. చెక్కకు తేమ శత్రువు. వర్షాకాలంలో పైకప్పు ఒకచోట కారినా పలకలు ఉబ్బుతాయి, అంచులు లేస్తాయి. బహిరంగ సభకు హాలు అద్దెకిచ్చి, ఇనుప కుర్చీలు లాగించి, వంటపాత్రలు మోయించి ఆ మర్నాడు బాస్కెట్‌బాల్ ఆడించాలంటే కుదరదు. స్టేడియాన్ని ‘బహుళార్థసాధకం’ అని పిలిచే ప్రతిచోటా ఈ ప్రమాదం పొంచి ఉంటుంది. పరీక్షలు, స్నాతకోత్సవాలు, ఎన్నికల ఓట్ల లెక్కింపు, పెళ్లిళ్లు అన్నీ ఆ అర్థాల్లోకే వస్తాయి. ఆట మాత్రం చివరి అర్థంగా మిగులుతుంది.

గంటల లెక్క

స్టేడియం ఎంత పెద్దదన్న దాని కంటే, ఏ గంట ఎవరిదన్నదే ఎక్కువ విషయం చెబుతుంది. చిన్న లెక్క వేసి చూడవచ్చు.

హాలు ఉదయం మూడు గంటలు, సాయంత్రం అయిదు గంటలు తెరిచి ఉంటుందనుకుందాం. నాలుగు బ్యాడ్మింటన్ కోర్టులు, డబుల్స్ ఆట. అంటే ఒక్కో గంటలో 16 మంది. ఎనిమిది గంటల్లో 128 మంది. వేల మంది విద్యార్థులున్న విశ్వవిద్యాలయంలో రోజుకు దక్కేది అంతే. ఇందులో మూడు గంటలు బయటి సభ్యులకు, అధికారులకు, అద్దె శిక్షణ సంస్థలకు పోతే విద్యార్థులకు మిగిలేది 80 మందికి చోటు. ఆ మూడు గంటలూ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకైతే, తరగతులు ముగిశాక ఆడగలిగే విద్యార్థులకు మిగిలేది దాదాపు ఏమీ లేదు. గోడ మీద అంటించిన సమయపట్టికను చదివితే ఆ స్టేడియం ఎవరిదో తెలిసిపోతుంది.

అమ్మాయిల విషయంలో ఈ లెక్క ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది. నగరం మీదుగా ఆటోలో వెళ్లి, చీకటి పడ్డాక తిరిగి రావలసిన మైదానానికి పంపడానికి చాలా ఇళ్లలో ఒప్పుకోరు. అదే కాలేజీ ఆవరణలో, హాస్టల్‌కు పది నిమిషాల నడక దూరంలో, దుస్తులు మార్చుకునే గదులూ వెలుతురూ ఉన్న హాలు అయితే సమాధానం మారుతుంది. అమెరికాలో 1972లో వచ్చిన ‘టైటిల్ నైన్’ చట్టం ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థల్లో స్త్రీ పురుష వివక్షను నిషేధించింది. ఆటలను మాత్రమే దృష్టిలో పెట్టుకుని దానిని రాయలేదు. అయినా దాని ప్రభావం ఎక్కువగా కనిపించినది విశ్వవిద్యాలయ క్రీడా ప్రాంగణాల్లోనే. ఆట స్థలం, సమయం, కోచ్ ఎవరికి ఎంత దక్కుతున్నాయో సంస్థలు లెక్క చెప్పవలసి వచ్చింది.

అమెరికాలో విశ్వవిద్యాలయ స్టేడియం ఒక పెద్ద వ్యాపారం కూడా. డ్యూక్ విశ్వవిద్యాలయంలో 1940లో తెరిచిన కామెరాన్ ఇండోర్ స్టేడియంలో సుమారు 9,300 మందికి చోటుంది. బాస్కెట్‌బాల్ పోటీ రోజు కోర్టుకు ఆనుకుని ఉన్న వరుసలు విద్యార్థులవే. వాటి కోసం వాళ్లు స్టేడియం బయట గుడారాలు వేసుకుని రోజుల తరబడి కాచుకుంటారు. టెలివిజన్ హక్కుల డబ్బు ఎంత వచ్చినా ముందు వరుస విద్యార్థికి విడిచిపెట్టడమన్న ఏర్పాటును వారు వదులుకోలేదు. అక్కడి వ్యాపారం మనకు నమూనా కానవసరం లేదు గానీ, ఆ ముందు వరుస సంగతి మాత్రం ఆలోచించదగినది.

కట్టాక ఏమైంది?

మన దేశంలో విశ్వవిద్యాలయాలకు పెద్ద క్రీడా సదుపాయాలు తరచుగా ఏదో ఒక క్రీడోత్సవం పుణ్యమా అని వచ్చాయి. 2002 డిసెంబరులో హైదరాబాద్ జాతీయ క్రీడలకు ఆతిథ్యమిచ్చినప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో సైక్లింగ్ పోటీలకు వెలోడ్రోమ్ నిర్మించారు. ఏటవాలుగా లేచే ట్రాక్‌తో అలాంటి సదుపాయం ఉన్న విశ్వవిద్యాలయాలు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టదగినవి. పోటీలు ముగిశాక దాని నిర్వహణ పట్ల అదే శ్రద్ధ కొనసాగలేదు. వెలోడ్రోమ్ మీద ఆడాలంటే ప్రత్యేకమైన ట్రాక్ సైకిళ్లు కావాలి, వాటిని నడపడం నేర్పే కోచ్ కావాలి. కాంక్రీటు మాత్రమే ఉంటే సరిపోదు. ఆట ఆడేవారు ఎందరో లెక్కించకుండా, పోటీకి ఏం కావాలో లెక్కించి కట్టినప్పుడు ఎదురయ్యే చిక్కు ఇది.

ఢిల్లీ విశ్వవిద్యాలయంలో మరో పద్ధతి కనిపిస్తుంది. 2010 కామన్వెల్త్ క్రీడల్లో రగ్బీ పోటీలు ఆ విశ్వవిద్యాలయ ఆవరణలోనే జరిగాయి. ప్రేక్షకుల గ్యాలరీల్లో చాలా భాగాన్ని తాత్కాలికంగా ఏర్పాటు చేశారు. పోటీలు అయ్యాక విశ్వవిద్యాలయం చేతికి వచ్చినది, అది రోజూ వాడుకోగల పరిమాణంలో ఉన్న క్రీడా సముదాయం. పది రోజుల సందడికి కట్టిన కుర్చీలను ముప్పయ్యేళ్లు ఊడ్చి కడగవలసిన భారం తప్పింది.

జార్ఖండ్ అనుభవమూ ఇటువంటిదే. 2011 ఫిబ్రవరిలో 34వ జాతీయ క్రీడలు రాంచీ, జంషెడ్‌పూర్, ధన్‌బాద్ నగరాల్లో జరిగాయి. రాంచీ శివార్లలోని హోట్వార్‌లో భారీ క్రీడా సముదాయం వెలిసింది. కొన్నేళ్ల తర్వాత రాష్ట్ర ప్రభుత్వం, సెంట్రల్ కోల్‌ఫీల్డ్స్ సంస్థ కలిసి అక్కడ బాలబాలికలకు శిక్షణ అకాడమీ ప్రారంభించాయి. ఖాళీగా ఉన్న కట్టడంలోకి పిల్లలు రావడం మంచి మలుపే. అయితే అదీ ఎంపిక చేసిన పిల్లల అకాడమీయే, విశ్వవిద్యాలయ విద్యార్థుల రోజువారీ మైదానం కాదు.

ఇందుకు భిన్నంగా నడిచిన సంస్థలూ ఉన్నాయి. అమృత్‌సర్‌లోని గురునానక్ దేవ్ విశ్వవిద్యాలయం 1969లో ఏర్పడింది. క్రీడల్లో అగ్రస్థానంలో నిలిచిన విశ్వవిద్యాలయానికి ఇచ్చే మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ ట్రోఫీని అది 20కి పైగా సార్లు గెలుచుకుంది. భువనేశ్వర్‌లోని కిట్ విశ్వవిద్యాలయం 2020లో తొలి ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలకు ఆతిథ్యమిచ్చింది. అక్కడి విద్యార్థిని ద్యుతీ చంద్ అంతకు ముందు ఏడాది నేపుల్స్‌లో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 100 మీటర్ల పరుగును 11.32 సెకన్లలో ముగించి స్వర్ణం గెలిచింది. జంషెడ్‌పూర్ నుంచి భువనేశ్వర్ ఒక రాత్రి ప్రయాణమే. ఈ సంస్థల్లో కట్టడాల కంటే ముందు కనిపించేది క్రీడాకారులకు ప్రవేశాల్లో చోటు, హాస్టల్, భోజనం, ఏడాది పొడవునా ఉండే కోచ్‌లు.

13.03 సెకన్లు లెక్కలోకి రాని రోజు

క్రీడా ప్రాంగణమంటే నేలా కప్పూ మాత్రమే కాదని తెలుగు పాఠకులకు బాగా తెలిసిన ఒక పేరే చెబుతుంది. విశాఖపట్నానికి చెందిన జ్యోతి యర్రాజి 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిదిరెలో జరిగిన అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ అథ్లెటిక్స్ పోటీల్లో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున 100 మీటర్ల హర్డిల్స్ పరుగెత్తింది. గడియారం 13.03 సెకన్లు చూపింది. అప్పటి జాతీయ రికార్డు 13.38 సెకన్లు. ఒడిశాకు చెందిన అనురాధా బిశ్వాల్ 2002లో నెలకొల్పిన ఆ రికార్డు అప్పటికి పదిహేడేళ్లుగా చెక్కుచెదరలేదు.

అయినా జ్యోతి పరుగు రికార్డుల పుస్తకంలోకి ఎక్కలేదు. జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ పోటీకి ముందు ఆమెకు పరీక్ష జరపలేదు. అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి అక్కడ లేరు. పరుగు నిజం, సమయం నిజం. దానిని ధ్రువీకరించే ఏర్పాటు మాత్రం లేదు. ఆమె పేరు అధికారికంగా రికార్డులో నమోదు కావడానికి 2022 మే వరకు, సైప్రస్‌లో 13.23 సెకన్ల పరుగు దాకా ఆగవలసి వచ్చింది. 2023 ఆగస్టులో చెంగ్డూ ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో ఆమె 12.78 సెకన్లతో కాంస్యం గెలిచింది. ఆ క్రీడల్లో భారత్‌కు వచ్చిన 26 పతకాల్లో అదొకటి. మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్‌లో ఈ విభాగంలో పరుగెత్తిన తొలి భారత మహిళ అయింది.

విశ్వవిద్యాలయం సింథటిక్ ట్రాక్ వేసుకున్నంత మాత్రాన పని పూర్తి కాదన్నది ఈ ఉదంతంలో తేలే విషయం. ట్రాక్ కొలతకు ధ్రువపత్రం ఉండాలి. గాలి వేగాన్ని కొలిచే పరికరం, ఎలక్ట్రానిక్ సమయ సూచిక పనిచేస్తుండాలి. అర్హత గల న్యాయనిర్ణేతలు, మూత్ర నమూనా తీసుకునేందుకు ప్రత్యేక గది, వైద్యుడు, అంబులెన్స్ ఉండాలి. సింథటిక్ పొర సాధారణంగా ఎనిమిది పదేళ్లలో అరిగిపోతుంది. మళ్లీ వేయడానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది మొదటి పొర వేసిన రోజే రాసుకోవలసిన లెక్క. విశ్వవిద్యాలయాలకు నాక్ గుర్తింపు ఇచ్చేటప్పుడు క్రీడా సదుపాయాలనూ చూస్తారు గనుక కట్టడం కాగితం మీద మార్కులు తెస్తుంది. దానిని నడిపే ఫిజికల్ డైరెక్టర్ పోస్టు ఖాళీగా ఉంటే ఆ మార్కులు మైదానం మీద కనిపించవు.

జంషెడ్‌పూర్ ముందున్న దారులు

ఈ నగరంలో తెలుగువారు కొత్తవారు కాదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఉక్కు కర్మాగారంలో, రైల్వేలో పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు తరాలుగా ఇక్కడ ఉన్నాయి. కద్మాలో ఆంధ్రా అసోసియేషన్, బిష్టుపూర్‌లో రామమందిరం వారి ఉనికికి గుర్తులు. ఆ ఇళ్లలోని మూడో తరం పిల్లలు ఇప్పుడు ఈ కాలేజీల్లోనే చదువుతున్నారు. తాతకు కంపెనీ ఉద్యోగిగా మైదానం మీద ఉన్న చనువు, కంపెనీతో సంబంధం లేని మనవరాలికి అలాగే సంక్రమించదు. పాత పారిశ్రామిక పట్టణాలన్నిటిలోనూ ఈ మార్పు కనిపిస్తుంది. శాశ్వత ఉద్యోగులు తగ్గే కొద్దీ ఉద్యోగం ద్వారా దక్కిన క్లబ్బు, ఆసుపత్రి, ఆట స్థలం కూడా దూరమవుతాయి.

ఒక దారి ఒప్పందం. జేఆర్‌డీ క్రీడా సముదాయంలో సింథటిక్ ట్రాక్ ఉంది. బ్యాడ్మింటన్‌కు మోహన్ ఆహుజా ఇండోర్ స్టేడియం ఉంది. వాటిలో వారానికి ఇన్ని గంటలు విశ్వవిద్యాలయ విద్యార్థులకని రాతపూర్వకంగా కుదిరితే కొత్తగా ఇటుక పేర్చనవసరం లేదు. అయితే ఆ కాగితంలో రోజు, గంట, దీపాల ఖర్చు, కోచ్ జీతం, ప్రమాదం జరిగితే బాధ్యత అన్నీ ఉండాలి. మాట సాయంగా దొరికిన మైదానం ఏదైనా పెద్ద పోటీ వచ్చిన వారంలో చేజారుతుంది. లీగ్ మ్యాచ్ ఉన్నప్పుడు క్లబ్ ముందు, విద్యార్థి తర్వాత. యజమాని దృష్టిలో అది న్యాయమే.

మరో దారి, ఏదో ఒక కాలేజీ ఆవరణలో 40కి 20 మీటర్ల కోర్టు పట్టే హాలు ఒకటి కట్టుకుని చుట్టుపక్కల కాలేజీలన్నీ గంటలు పంచుకోవడం. దీనికి వేల కుర్చీల గ్యాలరీ అక్కర్లేదు. మూడు నాలుగు వందల మంది కూర్చునే మెట్లు, 12.5 మీటర్ల ఎత్తు, కారని కప్పు, రెండు జతల దుస్తుల గదులు చాలు. కాసిడీహ్, సాక్చీ, బిష్టుపూర్ ఒకదానికొకటి దగ్గరగా ఉన్న ప్రాంతాలు కనుక నగరం మధ్య కాలేజీలకు ఇది అందుబాటులో ఉంటుంది. చైబాసాలోని ప్రధాన ఆవరణలో ఎంత గొప్ప స్టేడియం కట్టినా, జంషెడ్‌పూర్ విద్యార్థి రోజూ 60 కిలోమీటర్లు వెళ్లి సాధన చేయలేడు.

రెండు దారుల్లోనూ కాలం ఒక పరిమితి. డిగ్రీ చదువు మూడు నాలుగేళ్లు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు వయసు 25 దాటకూడదు. నిర్మాణం మూడేళ్లు ఆలస్యమైతే ఒక తరగతి విద్యార్థులు దానిని చూడకుండానే పట్టా తీసుకుని వెళ్లిపోతారు. విద్యా సంవత్సరం వానలతో పాటే మొదలవుతుంది. మండల స్థాయి పోటీలు చలికాలంలో ఎక్కువగా జరుగుతాయి. జూలైలో చేరిన విద్యార్థికి సాధనకు దొరికే నాలుగైదు నెలల్లో సెప్టెంబరు చివరి దాకా సింగ్‌భూమ్‌లో వాన కురుస్తూనే ఉంటుంది. అన్ని రోజులూ మట్టి మైదానం తడిసే ఉంటుంది.